రిచ్‌మండ్‌లో అయిదుగురు
(ఓడినవాళ్లు గెలిచి ఉంటే: నాలుగో భాగం)

గత భాగాన్ని ఫిలడెల్ఫియాలో ఆపాం. 1787 సెప్టెంబరు 17న 39 మంది అమెరికా కొత్త రాజ్యాంగం మీద సంతకాలు పెట్టారు. చివరి రోజు దాకా సభలో ఉండి కూడా కలం పట్టనివాళ్లు ముగ్గురు. వర్జీనియా నుంచి జార్జ్ మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, మసాచుసెట్స్ నుంచి ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ. న్యూయార్క్ పంపిన ముగ్గురిలో ఇద్దరు జులైలోనే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. రోడ్ ఐలండ్ అయితే ఒక్కరినీ పంపలేదు.

సంతకాలకు అయిదు రోజుల ముందు మేసన్ ఒక చిన్న కోరిక కోరాడు. పౌరుల హక్కుల్ని వరసగా రాసి రాజ్యాంగం మొదట్లో పెడదాం, కొన్ని గంటల్లో అయిపోయే పని అన్నాడు. హాజరైన రాష్ట్రాల్లో ఒక్కటీ ఆయన వెంట నిలవలేదు. నాలుగు నెలలుగా ఇల్లూ వాకిలీ వదిలి, కిటికీలు మూసుకుని వాదించుకున్న సభ అది. అలిసిపోయింది. ఆ అలసటకు తర్వాత పది నెలల పాటు వాళ్లు ఊరూరా జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఈ భాగం ఆ పది నెలల గురించి, ఆ రాజ్యాంగాన్ని వద్దన్నవాళ్ల గురించి. చరిత్ర పుస్తకాలు వాళ్లను యాంటీ-ఫెడరలిస్టులు అంటాయి. ఓడిపోయారు కాబట్టి వాళ్ల పేర్లు చాలామందికి తెలియవు. కానీ వాళ్లు పేజీ అడుగున ఒక పాదసూచికలో ఇరికించి వదిలేయదగ్గ మనుషులు కారు. మసాచుసెట్స్‌లో 187కి 168, న్యూ హ్యాంప్‌షైర్‌లో 57కి 47, వర్జీనియాలో 89కి 79, న్యూయార్క్‌లో 30కి 27. అమెరికా రాజ్యాంగం గట్టెక్కిన తీరు ఇదీ. ఈ నాలుగు చోట్లా గాలి కాస్త అటు తిరిగి ఉంటే ఏమయ్యేదన్నది ఊసుపోక వేసే ప్రశ్న కాదు. ఆ వేసవిలో రెండు పక్షాలూ రాత్రిళ్లు కూర్చుని ఇదే లెక్క వేసుకున్నాయి.

ముందు, పాత ఏర్పాటు ఎలా ఉండేదో చూద్దాం. 1781 మార్చి నుంచి 13 రాష్ట్రాలు ‘కాన్ఫెడరేషన్ అధికరణాల’ కింద కలిసి ఉన్నాయి. కాంగ్రెస్‌లో రాష్ట్రానికి ఒక ఓటు. యుద్ధమైనా సంధి అయినా అప్పయినా తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకోవాలి. అధికరణాల్లో ఒక్క అక్షరం మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కు లేదు. రాష్ట్రాల్ని డబ్బు అడగవచ్చు, అంతే. దిగుమతుల మీద నూటికి అయిదు సుంకం వేసుకోనివ్వండి అని 1781లో అడిగితే రోడ్ ఐలండ్ కాదంది. మళ్లీ అడిగితే 1786లో న్యూయార్క్ అడ్డం పడింది. యుద్ధంలో పోరాడిన సిపాయిలకు జీతాల బదులు కాగితాలిచ్చారు. పూట గడవక వాళ్లు ఆ కాగితాల్ని వచ్చిన కాడికి అమ్ముకున్నారు. పశ్చిమ మసాచుసెట్స్‌లో అప్పులకు భూములు పోతున్న రైతులు డేనియల్ షేస్ వెనక నడిచారు. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం ముందు వాళ్ల మీద ఫిరంగి పేలింది. నలుగురు చనిపోయారు.

ఇదంతా యాంటీ-ఫెడరలిస్టులకు తెలియక కాదు. సుంకాల అధికారం కాంగ్రెస్‌కు ఇద్దామని వాళ్లలో చాలామంది మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. కానీ ఫిలడెల్ఫియా వెళ్లినవాళ్లు పాత ఇల్లు బాగుచేస్తామని వెళ్లి, దాన్ని పడగొట్టి కొత్త కోట కట్టి తెచ్చారన్నది వాళ్ల ఫిర్యాదు. పైగా ఆ కోటను ఒప్పించిన పద్ధతి కూడా వాళ్లకు మింగుడు పడలేదు.

పెన్సిల్వేనియాలో జరిగింది చూడండి. శాసనసభ గడువు ముగిసేలోగా ఆమోద సమావేశానికి ఎన్నికలు ప్రకటించేయాలని రాజ్యాంగాన్ని సమర్థించిన ఫెడరలిస్టుల తొందర. కోరం లేకుండా చేద్దామని వ్యతిరేకులు సభకు రావడం మానేశారు. మొత్తం 69 మందిలో 46 మంది ఉంటేనే సభ సాగుతుంది, ఇద్దరు తక్కువ పడ్డారు. సెప్టెంబరు 29 ఉదయం ఒక గుంపు ఆ ఇద్దర్ని బసలో పట్టుకుని వీధుల్లో ఈడ్చుకొచ్చి సభలో కుర్చీల్లో కూలేసింది. వాళ్లలో ఒకడు జేమ్స్ మెక్‌కామంట్. నేను నా ఇష్టంతో రాలేదు, నన్ను వెళ్లనివ్వండి అని లేచి అడిగాడు. వెళ్లనివ్వలేదు. కోరం సరిపోయింది. ఎన్నికల తేదీ ఖరారైంది. ప్రజల పేరుతో మొదలయ్యే రాజ్యాంగానికి ఇది మంచి ఆరంభం కాదని అప్పుడే చాలామంది రాశారు. వాళ్ల మాట నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.

అసలు పరీక్ష వర్జీనియాలో. 13 రాష్ట్రాల్లో జనాభాలోనూ విస్తీర్ణంలోనూ పెద్దది అదే. వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్‌ల సొంత రాష్ట్రం. 1788 జూన్‌లో రిచ్‌మండ్‌లో షోకో కొండ మీద, నాటకాలకు వాడే ఒక చెక్క భవనంలో 170 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. అధ్యక్షుడు ఎడ్మండ్ పెండిల్టన్ చంకకర్రల మీద నడిచొచ్చి కూర్చున్నాడు. వేసవి ఎండ, జనంతో క్రిక్కిరిసిన గ్యాలరీలు.

వద్దన్న పక్షానికి పెద్ద దిక్కు పాట్రిక్ హెన్రీ. 52 ఏళ్లు. ‘స్వేచ్ఛ లేదా మరణం’ అన్న మాటతో మన పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కిన హెన్రీ ఈయనే. దాదాపు ప్రతిరోజూ మాట్లాడాడు. మొదట్లోనే లేచి, ‘రాష్ట్రాలమైన మేము’ అనాల్సిన చోట ‘ప్రజలమైన మేము’ అని రాసే హక్కు మీకెవరిచ్చారని నిలదీశాడు. ఎదుటి పక్షాన జేమ్స్ మాడిసన్. 37 ఏళ్లు, పొట్టి మనిషి, గొంతు పెగలని మనిషి. రాసుకున్న కాగితాలు టోపీలో పెట్టుకుని, ఆ టోపీ చేత్తో పట్టుకుని మాట్లాడేవాడు. సభా ప్రసంగాల్ని సంక్షిప్త లిపిలో రాసుకుంటున్న వ్యక్తి చాలాచోట్ల, మాడిసన్ మాటలు వినపడనంత మెల్లగా ఉన్నాయని రాశాడు. మధ్యలో జబ్బుపడి కొన్నాళ్లు మంచం పట్టాడు కూడా. హెన్రీ ఉరుముతుంటే మాడిసన్ ఒక్కో అధికరణమూ తీసి, విడమరిచి, మళ్లీ దాని చోట పెట్టేవాడు. ఆ పనిలో ఆయనకు సాటి లేరు.

ఫిలడెల్ఫియాలో సంతకం పెట్టనన్న రాండాల్ఫ్ ఇప్పుడు వర్జీనియా గవర్నరు. సభ తెరుచుకోగానే ఆయన పక్షం మార్చాడు. అమలుకు కావలసిన తొమ్మిదిలో ఎనిమిది రాష్ట్రాలు ఒప్పుకున్నాక ఇక కాదంటే సమాఖ్య చీలిపోతుందన్నాడు. దీనికంటే పెద్ద దెబ్బ చప్పుడు లేకుండా పడింది. న్యూయార్క్ గవర్నరు జార్జ్ క్లింటన్ కూడా ఈ రాజ్యాంగానికి బద్ధ వ్యతిరేకి. మన రెండు రాష్ట్రాలూ సంప్రదించుకుని అడుగేద్దామన్న ధోరణిలో ఆయన రాండాల్ఫ్‌కు మే నెలలోనే ఉత్తరం రాశాడు. అది శాసనసభ ముందుకు వచ్చే సరికి ఆమోద సమావేశం ముగింపుకు వచ్చేసింది. ఆ ఉత్తరం జూన్ మొదట్లోనే హెన్రీ, మేసన్‌ల చేతుల్లో పడి ఉంటే ఏమయ్యేదన్నది ఈ కథలో నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న. రెండు పెద్ద రాష్ట్రాలు ఒకే మాట మీద నిలబడే వీలు ఉండేది, ఆ వీలు కాస్తా ఆ ఆలస్యంలో పోయింది.

ఫెడరలిస్టులకూ పడమటి నుంచి ఒక బెడద ఉంది. కెంటకీ అప్పటికి వర్జీనియాలో భాగం, 14 మంది ప్రతినిధులు అక్కడివాళ్లే. వాళ్ల పంట మార్కెట్‌కు చేరాలంటే మిసిసిపి నదే దారి, ఆ నది మొగ స్పెయిన్ చేతిలో ఉంది. 1786లో జాన్ జే స్పెయిన్‌తో బేరాలాడుతూ, పాతికేళ్లకు పైగా ఆ నది మీద పడవలు నడిపే హక్కు వదులుకుందామన్నాడు. ఉత్తరాది రాష్ట్రాలు ఏడూ సరేనన్నాయి. తొమ్మిది కావాలి కాబట్టి ఆగింది. కొత్త రాజ్యాంగం వస్తే ఈ ఆసరా పోదా అని హెన్రీ అడిగాడు. కెంటకీ ప్రతినిధుల్లో అత్యధికులు ఆయన వెంట నడిచారు.

జూన్ 24న ఉరుములూ మెరుపులతో గాలివాన వచ్చి హాలు తలుపులు దడదడలాడుతుంటే హెన్రీ తన చివరి పెద్ద ప్రసంగం చేశాడు. మర్నాడు రెండు ఓట్లు జరిగాయి. మొదటి తీర్మానం హెన్రీ పక్షానిది. ముందు హక్కుల పట్టికనూ సవరణలనూ మిగతా రాష్ట్రాల ముందు పెడదాం, ఆ తర్వాతే ఆమోదం సంగతి అన్నది దాని సారం. అనుకూలం 80, వ్యతిరేకం 88. ఆ తర్వాత ఆమోదం మీద 89కి 79. జేమ్స్ మన్రో వద్దన్నవాళ్లలో ఒకడు. న్యూ హ్యాంప్‌షైర్ అప్పటికి నాలుగు రోజుల ముందే తొమ్మిదో రాష్ట్రంగా ఒప్పేసుకుందన్న సంగతి ఆ హాల్లో ఎవరికీ తెలియదు.

మొదటి ఓటులో అయిదుగురు ఇటు జరిగితే చాలు, 85కి 83.

ఆ అయిదుగురు జరిగారనుకుందాం. వర్జీనియా ‘సవరణలు ముందు’ అంది. ఇప్పుడు న్యూయార్క్ సంగతి. పోకీప్సీలో జరుగుతున్న సమావేశానికి క్లింటన్ పక్షం నుంచి 46 మంది, ఆమోదం కోరే హామిల్టన్ పక్షం నుంచి 19 మంది ఎన్నికయ్యారు. అంత మెజారిటీ కరిగిపోయింది జులై 2న వర్జీనియా కబురు అందిన తర్వాతే. మెలాంక్టన్ స్మిత్ లాంటి నిజాయితీపరులైన వ్యతిరేకులు, ఇక ఒంటరిగా బయట నిలబడటం ఎలా అని మనసు మార్చుకున్నారు. కబురు తలకిందులై వచ్చి ఉంటే స్మిత్ మారడానికి కారణమే లేదు. ఉత్తర కరోలినాను ఎవరూ ఒప్పించనక్కర్లేదు, ఆగస్టులో 184 మంది ఎలాగూ నిలిపేశారు. రోడ్ ఐలండ్ మార్చిలో నేరుగా ప్రజల ఓటు పెడితే వ్యతిరేకం 2,700 దాటింది, అనుకూలం 250 కూడా రాలేదు. ఫెడరలిస్టులు ఆ ఓటింగ్‌ను బహిష్కరించిన మాటా నిజమే.

ఇప్పుడు పటం ముందు పెట్టుకోండి. ఒప్పుకున్న తొమ్మిది రాష్ట్రాలూ మూడు ముక్కలు. పైన న్యూ హ్యాంప్‌షైర్, మసాచుసెట్స్, కనెక్టికట్. మధ్యలో న్యూయార్క్ అడ్డం. నడుమ న్యూ జెర్సీ, పెన్సిల్వేనియా, డెలావేర్, మేరీలాండ్. వాటి కింద వర్జీనియా, ఉత్తర కరోలినా అడ్డం. అట్టడుగున దక్షిణ కరోలినా, జార్జియా. తొమ్మిది చాలునని రాజ్యాంగం చెప్పిన మాట కాగితం మీద చెల్లుతుంది. కానీ పాత కాంగ్రెస్ కూర్చుంటున్న ఊరే న్యూయార్క్, అంటే సమాఖ్యలో లేని రాష్ట్రం. మొదటి అధ్యక్షుడిగా అందరూ మనసులో అనుకున్న వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్, పోటోమాక్ నదికి వర్జీనియా ఒడ్డున. ఆయన పరాయి రాష్ట్రం మనిషైపోతాడు. ఈ తొమ్మిదీ అలా బండి నడుపుకోలేవు. రెండో సమావేశం తప్పేది కాదని నా నమ్మకం. నిజ జీవితంలో మాడిసన్ అన్నిటికంటే ఎక్కువ భయపడింది కూడా దానికే.

ఆ రెండో సమావేశం ఏం రాసేదో మనం గాల్లో ఊహించనక్కర్లేదు. ఓడిపోయాక కూడా వర్జీనియా సమావేశం తన కోరికల జాబితా పంపింది. 20 హక్కులు, 20 సవరణలు. కేంద్రం నేరుగా పన్ను వేసే ముందు ఆ వాటా ఇంతని రాష్ట్రాన్ని అడగాలి, రాష్ట్రం చెల్లించకపోతేనే కేంద్రం వసూలుకు దిగాలి. వాణిజ్యాన్ని నియంత్రించే చట్టానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. శాంతికాలంలో నిలవ సైన్యానికీ అంతే. భూభాగాన్నో నదీ హక్కునో వదులుకునే సంధికి నాలుగింట మూడొంతులు. ఎవరూ 16 ఏళ్లలో 8 ఏళ్లకు మించి అధ్యక్ష పదవిలో ఉండకూడదు. చివరి సవరణ లాంటిది అమెరికా రాజ్యాంగంలోకి ఎక్కడానికి 1951 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇలా సవరించిన రాజ్యాంగం కింద దేశం కుప్పకూలేదని ఫెడరలిస్టులు చెప్పారు. నాకు అలా అనిపించదు. కేంద్ర ప్రభుత్వం మొదటి దశాబ్దాల్లో బతికింది ప్రధానంగా దిగుమతి సుంకాల మీదే. ఆ అధికారం హెన్రీ పక్షం కూడా ఇవ్వడానికి సిద్ధమే. కాబట్టి ఖజానా ఖాళీగా ఉండేది కాదు. మారేది ఆ ఖజానా నడిపిన హామిల్టన్ కథ. రాష్ట్రాల యుద్ధ రుణాల్ని కేంద్రం నెత్తిన వేసుకోవడం, 1791 నాటి బ్యాంకు, అదే ఏడాది వచ్చిన విస్కీ పన్ను అంత సులువుగా సాగేవి కావు. విస్కీ పన్ను కట్టబోమన్న పెన్సిల్వేనియా రైతుల మీదికి 1794లో దాదాపు 13,000 మంది సైనికులు నడిచారు. ఆ నడక బహుశా ఉండేది కాదు. కానీ 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానాను 1.5 కోట్ల డాలర్లకు కొన్నది ఎక్కువ భాగం బాండ్ల మీద, అంటే హామిల్టన్ నిలబెట్టిన పరపతి మీద. అది లేకపోతే మిసిసిపి అవతల ఏ జెండా ఎగిరేదో చెప్పలేం. నది పోతుందని భయపడి కెంటకీవాళ్లు ఏ పక్షంతో నిలబడ్డారో, ఆ పక్షం గెలిస్తే నది దక్కడమే కష్టమయ్యేదేమో.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. రిచ్‌మండ్‌కు తూర్పున, అదే వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో 1781లో ఓడి లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ అప్పటికి కలకత్తాలో గవర్నరు జనరల్. రిచ్‌మండ్‌లో ఈ చర్చ జరిగిన 1788లోనే ఆయన ఒత్తిడికి నిజాం గుంటూరు సర్కారును ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అనుమతి లేని పన్ను కట్టబోమని పోరాడి గెలిచిన జనం, గెలిచాక కూడా తమ సొంత ప్రభుత్వాన్ని అదే అనుమానంతో చూస్తున్న సంవత్సరంలో, ఇక్కడ ఒక జిల్లా జనాన్ని ఒక్క మాట అడగకుండా చేతులు మార్చారు. అమెరికా చర్చను మనం శ్రద్ధగా చదవాల్సిన కారణాల్లో ఇదొకటి.

ఇక అసలు చిక్కు. ఇది రాయకుండా హెన్రీని మెచ్చుకుంటే అది అబద్ధం అవుతుంది.

1790 జనాభా లెక్కల్లో వర్జీనియాలో బానిసలు 2,92,000కు పైగా. రాష్ట్ర జనంలో ఇంచుమించు పదింట నలుగురు. రిచ్‌మండ్ హాల్లో రెండు పక్షాలవాళ్లూ బానిసల యజమానులే. అధ్యక్షుడు రాజు అవుతాడు, జడ్జీల మీద ఎవరి అదుపూ ఉండదు, 65 మంది సభ్యుల సభ ఇంత దేశానికి ఎలా ప్రాతినిధ్యం వహిస్తుంది అని వద్దన్న పక్షం అడిగిన ప్రశ్నల్లో చాలా భాగం నేటికీ పాతబడలేదు. ‘బ్రూటస్’ పేరుతో న్యూయార్క్ పత్రికలో రాసిన వ్యాసకర్త సుప్రీం కోర్టు గురించి చెప్పినవి ఇవాళ చదివినా తాజాగానే ఉంటాయి. అయితే జూన్ 24న, గాలివాన రోజునే, హెన్రీ ఇంకో భయం కూడా చెప్పాడు. యుద్ధం వస్తే రక్షణ పేరుతో కాంగ్రెస్ బానిసలందరినీ విడుదల చేయగలదు, ఆ అధికారం ఈ కాగితంలో ఉంది అన్నాడు. బానిసత్వం తనకు ఇష్టం లేదనీ, అయినా వాళ్లను విడిచిపెట్టడం మనవల్ల కాదనీ అదే నోటితో అన్నాడు. మేసన్ బానిసల దిగుమతిని 20 ఏళ్లు సాగనిచ్చిన అధికరణాన్ని ఛీకొట్టాడు. ఉన్న బానిసల మీద యజమాని హక్కుకు పూచీ లేదని కూడా ఫిర్యాదు చేశాడు.

హెన్రీ సరిగ్గానే చదివాడు. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన చేసింది యుద్ధ చర్యగానే. ఆ 75 ఏళ్ల నడుమ బానిసత్వాన్ని పోషించిందీ అదే రాజ్యాంగం. అయిదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కగట్టి యజమానులకు అదనపు సీట్లిచ్చింది, పారిపోయిన మనిషిని పట్టి అప్పగించమంది. మరి ఆ అయిదుగురూ ఓటు మార్చి ఉంటే బానిసలకు మేలా, కీడా? సమాఖ్య చీలిపోయి ఉంటే పారిపోయినవాణ్ని తిప్పి పంపమని పెన్సిల్వేనియాను బలవంతపెట్టే చట్టం ఉండేది కాదు. స్వేచ్ఛకు దూరం తగ్గేది. ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది ఆ బలహీనమైన పాత కాంగ్రెసే, 1787 జులైలో. ఇవన్నీ ఒక పక్క. చీలకుండా, హెన్రీ కోరిన సవరణలతో సమాఖ్య నిలబడి ఉంటే, సైన్యం మీదా పన్నుల మీదా అన్ని సంకెళ్లున్న కేంద్రం దక్షిణాదిని ఎదుర్కొని ఆ 1863 నాటి కాగితం అమలు చేయగలిగేదా అన్నది మరో పక్క. తూకం వేసి చూస్తే నాకు రెండోదే బరువుగా కనిపిస్తుంది. రిచ్‌మండ్‌లో స్వేచ్ఛ గురించి అందరికంటే గొప్పగా మాట్లాడిన పక్షం గెలిచి ఉంటే, ఆ రాష్ట్రంలో పదింట నలుగురికి స్వేచ్ఛ ఇంకా ఆలస్యమయ్యేది. అలా అని వాళ్లు హక్కుల గురించి అన్నది తప్పు కాదు. ఈ రెండూ నిజమే, ఒకదాన్ని దాచి రెండోదాన్ని చెప్పకూడదు.

జరిగింది వేరు. న్యూయార్క్ సమావేశం ఆమోదిస్తూనే, రెండో సమావేశం పెడదామని రాష్ట్రాలన్నిటికీ లేఖ పంపింది. హెన్రీ తన పలుకుబడితో మాడిసన్‌కు సెనేట్ సీటు దక్కకుండా చేశాడు. వర్జీనియా రెండు సెనేట్ సీట్లూ వ్యతిరేక పక్షానికే వెళ్లాయి. మాడిసన్ ప్రతినిధుల సభకు పోటీ చేస్తే, ఎదురుగా మన్రోను నిలబెట్టారు. 1789 ఫిబ్రవరిలో 1,308కి 972 ఓట్లతో మాడిసన్ గెలిచాడు, హక్కుల సవరణలు తెస్తానని ఓటర్లకు మాటిచ్చాకే. జూన్ 8న మాట నిలబెట్టుకున్నాడు. కాంగ్రెస్ 12 పంపితే 1791 డిసెంబరు 15 నాటికి పది ఆమోదం పొందాయి. వాక్ స్వాతంత్ర్యం, మత స్వాతంత్ర్యం, జ్యూరీ విచారణ, వారెంటు లేని సోదాలకు అడ్డు. మేసన్ కొన్ని గంటల పని అన్నది ఇదే, నాలుగేళ్లు పట్టింది. అయితే పన్నుల మీద, వాణిజ్యం మీద, సైన్యం మీద హెన్రీ అడిగిన పట్టు ఒక్కటీ అందులో లేదు. రెండో సమావేశం ఊసు అక్కడితో సద్దుమణిగింది. హక్కులిచ్చి అధికారాన్ని కాపాడుకోవడం మాడిసన్ తెలివి. ఓడినవాళ్లు అంత దగ్గరగా వచ్చి ఓడకపోతే ఆ హక్కులూ వచ్చేవి కావు.

మేసన్ 1792లో పోయాడు. మన్రో అయిదో అధ్యక్షుడయ్యాడు, క్లింటన్, గెర్రీ ఉపాధ్యక్షులయ్యారు. తాము కాదన్న రాజ్యాంగం మీదే ప్రమాణం చేశారు. హెన్రీ చివరి ఏళ్లలో ఫెడరలిస్టుల వైపు జరిగాడు, 1799 జూన్‌లో కన్నుమూశాడు. అప్పటికి దేశంలో కొత్త చీలిక వచ్చింది, ఈసారి మాడిసన్, హామిల్టన్ చెరో పక్కా నిలబడ్డారు. 1801 ఫిబ్రవరిలో జెఫర్సన్, బర్‌లకు సమానంగా ఓట్లు వచ్చి, ప్రతినిధుల సభ 36 సార్లు ఓటు వేస్తే గానీ అధ్యక్షుడెవరో తేలలేదు. వచ్చే భాగం ఆ ఎన్నికలో ఫెడరలిస్టులు గెలిచి ఉంటే ఏమయ్యేదన్నదాని గురించి.